తప్పుగా వాయించే మనిషి కావాలి

ఆ రోజుల్లో నా ఉద్యోగం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యేది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. మేము ఎవరికోసం పనిచేసేవాళ్లమో వాళ్ల దేశంలో తెల్లవారేసరికి మాకు సాయంత్రమయ్యేది కాబట్టి మా టీమ్ అందరిదీ అదే వేళ. మా ఆయనది ఇంకో కంపెనీ, పొద్దున్నే టిఫిన్ తిని బండి తీసేవాడు. ఆయన వెళ్లాక, ఆఫీసు క్యాబ్ వచ్చేదాకా ఇల్లంతా నాదే.

షేక్‌పేటలో, ఫిల్మ్‌నగర్‌కు వెళ్లే దారికి దగ్గర్లో, ఒక ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనరమ్మ. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే కాపురం చేసిన మనిషి. ఒకప్పుడు ఇంటి వెనక తమకు కూరగాయల తోట ఉండేదని చెప్పేది. నేను చూసేనాటికి ఆ తోట ఉన్న చోట నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి, వాటి నిండా మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లే.

వంట అయ్యేది, బట్టలు ఆరేసేదాన్ని, పేపరు చదివేదాన్ని. ఇంకా బోలెడు పొద్దు మిగిలేది. అట్లాంటి ఒక పొద్దున జూబ్లీ హిల్స్‌లో బ్యాంకు పని చూసుకుని, ఆటో కోసం పెద్ద పెద్ద ఇళ్లున్న వీధిలో నడుస్తుంటే ఒక గేటు పక్కన చిన్న బోర్డు కనిపించింది. "గిటార్ నేర్పబడును" అని పెయింటుతో రాసి, పైకి బాణం గుర్తు వేశారు. కార్లు పెట్టే షెడ్డు, దాని మీద ఒక గది, పక్కనుంచి ఇనప మెట్లు. షెడ్డు ముందు ఇద్దరు డ్రైవర్లు కారు తుడుస్తున్నారు. నేను నిలబడి బోర్డు చదవడం చూసి అందులో ఒకాయన, "పోండి మేడమ్, సార్ ఉన్నడు" అన్నాడు. అడగకుండానే దారి చూపించాక వెనక్కి తిరగడానికి మొహమాటమైంది. ఎక్కాను.

నిజానికి సంగీతానికీ నాకూ అప్పటిదాకా ఏ సంబంధమూ లేదు. మా మెదక్ వైపు బడిలో ప్రార్థన పాడే పిల్లల వరసలో నన్ను నిలబెట్టి, రెండో రోజే టీచరమ్మ పక్కకు పిలిచి, నువ్వు పెదాలు మాత్రం కదిలించు, గొంతు తీయకు అని చెప్పింది. ఆ మాటకు నేను బాధపడలేదు. పొడుగ్గా ఉండేదాన్ని, వరస బాగుండాలని నన్ను తీసేయలేదంతే అనుకున్నాను. ఆ తర్వాత పాటలు వినడమే తప్ప పాడే ఆలోచన రాలేదు.

గదిలో ఉన్న పెద్దమనిషికి అరవైకి దగ్గర వయసుంటుంది. తెల్ల పొట్టిచేతుల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. రాజమండ్రి వైపు మనిషి. మద్రాసులో సినిమా రికార్డింగుల్లో గిటార్ వాయించేవారట. తెలుగు సినిమా ఇక్కడికి వచ్చేసినప్పుడు ఆయనా కుటుంబంతో వచ్చి యూసుఫ్‌గూడలో ఇల్లు తీసుకున్నారు. ఆ గేటు ఇంటివాళ్లు సినిమా కుటుంబమే. పాత పరిచయం కొద్దీ ఆ గదిని పొద్దుటిపూట ఆయనకు వాడుకోనిచ్చారు.

ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని ఆయన అడిగారు. పొద్దున ఖాళీగా ఉంటున్నానని నిజమే చెప్పాను. ఆయన నవ్వారు.

"అందరూ ఎవరికో వినిపించడానికి వస్తారమ్మా. మీరు తీరికుందని వచ్చారు. అది మంచిదే."

వారం తిరక్కుండా తనకు తెలిసిన వాళ్ల దగ్గరి పాత గిటారొకటి ఇప్పించారు. మా ఆయన దాన్ని చూసి ఆశ్చర్యపోయి, బీరువా పక్కన దానికొక మూల చూపించాడు.

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలను సార్, వీణకు అన్నట్టే, మెట్లు అనేవారు. మొదటి పాఠం ఒక స్కేలు. కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఎక్కడం, అదే దారిలో దిగడం. దీన్ని ఇంగ్లీషు పద్ధతిలో సి మేజర్ అంటారనీ, మన శంకరాభరణానికీ ఇవే స్వరాలనీ చెప్పి, పేరు సంగతి మర్చిపొమ్మన్నారు. ముందు వేలికి తన చోటు తెలియాలన్నారు. ఉంగరం వేలితో ఒక తీగను నొక్కి మొదలుపెట్టాలి. మధ్యలో కొన్ని స్వరాలకు నొక్కే పనే లేదు, తీగను వట్టిగా మీటితే చాలు. సరిగ్గా అక్కడే నాకు తప్పు పోయేది. నొక్కాల్సిన చోట వేలు ఆలస్యంగా పడేది, వదలాల్సిన చోట పట్టుకుని వేలాడేది. గంట మోగాల్సిన చోట కొయ్య మీద కొట్టినట్టు టక్కుమనేది.

"మీకు వచ్చిన వేగంలో వద్దు, తప్పు రాని వేగంలో వాయించండి" అనేవారు సార్. తప్పు రాని వేగమంటే నాకు, ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య కిందినుంచి డ్రైవర్ల మాటలు రెండు మూడు వినిపించేంత నెమ్మది.

నాతోపాటు కాలేజీ పిల్లలు కొందరు వచ్చేవారు. వాళ్లకు కొత్త సినిమాల్లో పాటలు కావాలి, అదీ వెంటనే. పాటలు తర్వాత, ముందు స్కేలు అని సార్ చెప్పగా చెప్పగా వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. వాళ్ల స్థానంలో ఇంకొందరు వచ్చేవారు, వాళ్లూ మానేసేవారు. నేను మిగిలాను. నాకు పాట రాకపోయినా బాధ లేదు. ఆఫీసులో మేము ఒకే స్క్రీన్‌ను మళ్లీ మళ్లీ తెరిచి, అదే బటన్ మళ్లీ మళ్లీ నొక్కి, ఎక్కడ తప్పుతుందో చూసేవాళ్లం. చేసిందే చేయడం నాకు అలవాటైన పని. తేడా ఏమిటంటే అక్కడ తప్పు దొరికితే నాకు మంచి పేరు, ఇక్కడ దొరక్కపోతే.

మొదట్లో వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. పచ్చిమిరపకాయలు తరిగితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఆఫీసులో ఎడమచేత్తో టైపు చేయాలంటే వేలు పక్కకు వాల్చి కొట్టేదాన్ని. పక్క సీటమ్మాయి చూసి, వంటింట్లో కాల్చుకున్నావా అని అడిగింది. గిటార్ అని చెప్తే నమ్మలేదు. కొన్నాళ్లకు చర్మం గట్టిపడి కాయలు కాశాయి. నాకు ఆ కాయలంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మీటింగుల్లో ఎవరో ఏదో చెబుతుంటే టేబుల్ కింద బొటనవేలితో వాటిని తడిమి చూసుకునేదాన్ని.

ఇంట్లో రోజూ కిటికీ పక్కన కూర్చుని వాయించేదాన్ని. కొన్నాళ్లు చూసి పెద్దమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. గోంగూర కట్ట చేతిలోనే ఉంది.

"ఏం పాటనే గది? ఎక్కుడు దిగుడు తప్ప ఇంకేం లేదు."

"పాట కాదు పెద్దమ్మా. ఇంక నేర్చుకుంటున్న."

"నేర్చుకో, నేర్చుకో. జర జల్ది నేర్చుకో" అని అక్కడే గడప మీద కూర్చుని గోంగూర తుంచడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు నా సాధనకు ఆమె ఆకుకూర పని జతైంది. విసుగుందని ఎప్పుడూ చెప్పలేదు. తన పని అయిపోగానే మాత్రం లేచి వెళ్లిపోయేది, నేను స్కేలు సగంలో ఉన్నా సరే.

ఇట్లా సాగుతుండగా ఒక పొద్దున సార్ ఫోన్ చేశారు. ఆ రోజు క్లాసు లేదు. గిటార్ తీసుకుని ఫిల్మ్‌నగర్‌లో ఫలానా వీధిలో ఉన్న రికార్డింగ్ స్టూడియోకు వెంటనే రాగలరా అని అడిగారు. గొంతు కొంచెం ఇబ్బందిగా ఉంది. గిటార్ ఏమైనా పాడైందేమో, నాది కావాలేమో అనుకున్నాను. ఆటోలో వెళ్లాను.

స్టూడియో బయటినుంచి మామూలు ఇల్లులాగే ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళితే చల్లటి గది, గోడలకు మెత్తటి బట్ట, ఒకవైపు పెద్ద అద్దం. అద్దం వెనక గదిలో మిషన్ల ముందు సౌండ్ ఇంజనీరు, సంగీత దర్శకుడు, సినిమా డైరెక్టరు కూర్చున్నారు. డైరెక్టరు కుర్రవాడు, అది అతని మొదటి సినిమా. సార్ నన్ను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పారు.

సినిమాలో ఒక సీను. హాస్టల్ గదిలో హీరోయిన్ పట్టుదలగా గిటార్ నేర్చుకుంటుంటుంది, పక్క మంచం మీద స్నేహితురాలు ఆమెతో మాట్లాడుతుంటుంది. షూటింగులో ఆ అమ్మాయి ఊరికే వేళ్లు కదిలించింది. ఇప్పుడు ఆ చప్పుడు కావాలి. కొత్తగా నేర్చుకునే మనిషి స్కేలు వాయించినట్టు తడబడుతూ ఉండాలి. దానికోసం సార్‌ను పిలిచారు. ఆయన వాయిస్తే డైరెక్టరుకు నచ్చలేదు. తప్పులు వేయండి అన్నాడు, సార్ వేశారు. అయినా నచ్చలేదు. అద్దం వెనకనుంచి సంగీత దర్శకుడు మైకులో, "మాస్టారూ, మీ తప్పులు కూడా తాళంలోనే పడుతున్నాయండీ" అన్నారట.

"ఎంత ప్రయత్నించినా రావట్లేదమ్మా" అన్నారు సార్. "అందుకని మీరు గుర్తొచ్చారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆయన ముఖం చూస్తే అందులో వెక్కిరింత లేదు. అవసరానికి నమ్మకమైన మనిషిని పిలిచినట్టే పిలిచారు. సరేనని కూర్చున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. గిటార్ ముందు మైకు పెట్టారు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. రికార్డింగుకు గుర్తుగా ఎర్ర బల్బు వెలిగింది. తప్పు రాని వేగంలో, ఎప్పటిలాగే, మొదలుపెట్టాను.

ఒక్క తప్పూ రాలేదు. ఎక్కడం, దిగడం, ప్రతి స్వరమూ గంట కొట్టినట్టు మోగింది. మొదలుపెట్టిన నాటినుంచి ఇంట్లో గానీ, షెడ్డు మీది గదిలో గానీ ఒక్కసారి కూడా అంత శుభ్రంగా వాయించలేదు. చివరి స్వరం ఆగాక తలెత్తితే అద్దం వెనక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ల వెనక నిలబడ్డ సార్ కళ్లు మెరుస్తున్నాయి, అదే సమయంలో ఆయన నుదురు పట్టుకున్నారు.

"మేడమ్, చాలా బాగుంది" అన్నాడు డైరెక్టరు హెడ్‌ఫోన్లలో. "కానీ మాకు బాగుండకూడదండీ."

మళ్లీ వాయించాను. ఈసారి కావాలని ఒకచోట వేలు పక్కకు వేశాను. వినగానే నాకే తెలిసింది, కుంటివేషం వేసినవాడి నడకలా ఉందని. ఇంకోసారి కావాలని ఆగాను. అదీ అంతే. తప్పు చేయాలని ముందే తెలిస్తే వేలు అక్కడికి తీరిగ్గా వెళ్లి తప్పు చేసి వస్తోంది. మూడు సార్లో నాలుగు సార్లో చూశాక డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. నా వల్ల సార్‌కు మాట పోతోందేమోనని దిగులు పట్టుకుంది.

అప్పుడు సార్ లోపలికి వచ్చారు. ఒక స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని, తన గిటార్ ఒళ్లో పెట్టుకున్నారు. అద్దం వైపు తిరిగి బల్బు ఆర్పవద్దని సైగ చేశారు. మైకు ఉంది కాబట్టి ఇక మాట లేదు. తన గిటార్ మీద, మీటకుండా, ఎడమచేతి వేళ్లు మాత్రం పెట్టి నాకొక కొత్త స్కేలు చూపించారు. ఇందులో వట్టి తీగలు లేవు, ప్రతి స్వరమూ నొక్కాల్సిందే, చిటికెన వేలు అప్పటిదాకా నేను ఎన్నడూ చాపనంత దూరం చాపాలి. ఇది నాకు ఇంకా నేర్పలేదు. నేర్పడానికి చాలా రోజులుందని ఒకసారి అన్నారు కూడా.

నేను ఆయన వేళ్లు చూసి పెట్టబోయాను. చిటికెన వేలు తీగ దాకా పోలేదు. పోయినప్పుడు ఉంగరం వేలు లేచిపోయింది. టక్కుమంది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ చూపించారు. మళ్లీ పెట్టాను. ఇంకో తీగ మీద పడింది. మొదటి నుంచి. రెండు స్వరాలు వచ్చాయి, మూడోది జీరగా పలికింది. నాకు పంతం వచ్చింది. ఎక్కడున్నానో, ఎవరు వింటున్నారో పూర్తిగా మర్చిపోయాను. సార్ వేళ్లు, నా వేళ్లు, అంతే. ఒకచోట "చ్" అన్నాను. ఇంకోచోట, దిగేటప్పుడు దారి తప్పి ఎక్కడికో పోయి, వెతుక్కుంటూ వెనక్కి వచ్చాను. అట్లా ఎంతసేపైందో తెలియదు. చివరికి ఒక్కసారి, నత్తనడకన, కింది నుంచి పై దాకా అన్ని స్వరాలూ వరసగా పలికాయి. సార్ ముఖం విప్పారింది. తలెత్తి చూస్తే అద్దం వెనక ముగ్గురూ లేచి నిలబడి ఉన్నారు.

"సార్, అచ్చింది" అన్నాను గట్టిగా, మా ఊరి మాటలో. ఆఫీసులో నాలుక మడిచి కోస్తా మాట మాట్లాడడం అలవాటై, మా మాట ఇంట్లో, ఫోనులో అమ్మతో తప్ప బయట వచ్చేది కాదు. అక్కడ అదే వచ్చేసింది. ఇంజనీరు నవ్వుతూ, ఆ ముక్క కూడా రికార్డయిందనీ, తీసేస్తాంలెమ్మనీ చెప్పాడు. "చ్" అన్నది మాత్రం ఉంచమన్నాడు డైరెక్టరు.

బయటకొచ్చాక వీధి చివర బడ్డీ దగ్గర సార్, నేను చాయ్ తాగాం. క్యాబ్ వచ్చే వేళవుతోంది, అయినా లేవాలనిపించలేదు. ఆయన చాయ్ సగం తాగారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"రాకపోవడమంటే ఎలా ఉంటుందో నాకు గుర్తులేదమ్మా. ఇందాక ఎంత వెతికినా దొరకలేదు. ఎప్పుడో చిన్నప్పుడు నాకూ రాకుండా ఉండే ఉంటుంది కదా."

నేనేదో సర్దిచెప్పబోతే వినలేదు. తనకు బాధగా లేదన్నారు, వింతగా ఉందన్నారు. మద్రాసులో ఒకే హాల్లో పెద్ద గుంపుగా కూర్చుని వాయించే రోజుల్లో ఎవరు తప్పినా అందరూ మొదటినుంచి వాయించాల్సి వచ్చేదట, తప్పడమంటే అంత భయం. ఇప్పుడు కంప్యూటరులో ఏ తప్పునైనా తర్వాత దిద్దుకుంటున్నారు, గిటార్ చప్పుడు కూడా అందులోంచే తీస్తున్నారు. అందుకే రికార్డింగులు తగ్గాయి. ఇదంతా ఫిర్యాదులా కాకుండా, ఊళ్లో కొత్తగా వేసిన రోడ్డు గురించి చెప్పినట్టు చెప్పారు. చెప్పి, గ్లాసు పక్కన పెట్టి, "నాకు కంప్యూటర్ నేర్పుతారా?" అని అడిగారు.

అట్లా వారానికొక రోజు, నా క్లాసు అయ్యాక, ఆయన క్లాసు మొదలైంది. మా ఆయన ఇంట్లో వాడే పాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టేదాన్ని. ఆయన మా ఇంటికి వచ్చిన మొదటి రోజు పెద్దమ్మ వచ్చి, పంతులు సార్ వచ్చిండా అని పలకరించి, మజ్జిగ ఇచ్చి వెళ్లింది. సార్‌కు వెంటనే మెయిల్ పంపడం రావాలి, స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ రావాలి. నేను ముందు టైపింగ్ అన్నాను. ఏ వేలు ఏ అక్షరం మీద ఉండాలో చూపించి, చూడకుండా వరసగా కొట్టమన్నాను. తీగల మీద అంత చురుగ్గా పరుగెత్తే ఆ వేళ్లు కీబోర్డు మీద ఒక్కొక్కటీ గాల్లో ఆగి, భయంభయంగా దిగేవి. పక్క అక్షరం పడేది. "ఇదేంటమ్మా, చిటికెన వేలు నా మాటే వినట్లేదు" అని ఆశ్చర్యపోయేవారు. నాకు అంతకన్నా సంతోషం ఉండేది కాదు. ఆయనకూ సంతోషంగానే ఉండేదనుకుంటాను, ఎందుకంటే తప్పు పడ్డప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వేవారు.

సినిమా విడుదలైంది. మా ఆయన, నేను ఆదివారం మ్యాట్నీకి వెళ్లాం. హాస్టల్ సీను ఇంటర్వెల్‌కు ముందు వచ్చింది. హీరోయిన్ మంచం మీద కూర్చుని గిటార్ పట్టుకుంది, వేళ్లు కదుపుతోంది, నా చిటికెన వేలి చప్పుడు హాలంతా వినిపించింది. దాని మీద స్నేహితురాలి మాటలు వచ్చాయి. ఆ అమ్మాయి పెద్ద గొంతుతో హీరోను తిడుతుంటే జనం నవ్వారు, వెనక స్వరాలు దారితప్పి వెతుక్కుంటూనే ఉన్నాయి. మంచినీళ్లు నాలుగు గుక్కలు తాగేంతసేపు ఉందేమో, అంతే. "చ్" మాత్రం స్పష్టంగా వినిపించింది. దానికి సరిగ్గా హీరోయిన్ మూతి ముడిచింది.

మా ఆయన నా వైపు వంగి, "గది నువ్వే గదా?" అన్నాడు. అవునన్నాను. సినిమా అయిపోయేదాకా నా ఎడమచేయి వదల్లేదు. బయటికొచ్చాక, ఆ సీను ఇంకొంచెం ఉంటే బాగుండునన్నాడు. సినిమా గొప్పగా ఆడలేదు, పోనూలేదు. తర్వాత టీవీలో అప్పుడప్పుడూ వేసేవారు.

సార్ దగ్గర ఇంకో రెండేళ్లు నేర్చుకున్నాను. పాటలు కొన్ని వచ్చాయి, నాకు వాయించుకోవడానికి సరిపోయేన్ని. స్టూడియోలో మొదలుపెట్టిన ఆ స్కేలు తడుముకోకుండా రావడానికి చలికాలం దాటింది. ఈలోగా ఆయన స్వరాలు కంప్యూటరులో రాయడం నేర్చుకుని, ఒక సంగీత దర్శకుడి దగ్గర ఆ పనిలో కుదురుకున్నారు. గిటార్ అవసరమైనప్పుడు అక్కడే వాయించేవారు కూడా. ఒకరోజు ఆఫీసులో ఉండగా నాకు ఆయన మెయిల్ వచ్చింది. ఆయన రాసిన మొదటి మెయిల్ అదేనట. యూసుఫ్‌గూడలో నెట్ సెంటరు నుంచి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో, అచ్చుతప్పుల్తో రాశారు. రేపు రికార్డింగ్ ఉంది కాబట్టి క్లాసు లేదనీ, ఇది టైపు చేయడానికి తనకు అరగంట పట్టిందనీ, కీబోర్డు వైపు చూడలేదనీ రాశారు.

పక్క సీటమ్మాయిని పిలిచి చదివి వినిపించాను. తర్వాత, ఆయన చదువుకోవడానికి వీలుగా, పెద్ద అక్షరాల్లో జవాబు రాశాను.